ఇసుక దారికి ముహూర్తం

మే నెల వచ్చిందంటే గుంటూరు మిర్చియార్డుకు వేసవి సెలవులు. జనవరి నుంచి టిక్కీల మధ్య, ఘాటు మధ్య, తుమ్ముల మధ్య నలిగిన జనం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటారు. అదిగో, అప్పుడు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఓ టీకొట్టు ముందు నాలుగు బైకులు ఆగుతాయి. కమీషన్ కొట్టు చూసుకునే కుర్రాడొకడు, పత్తి మిల్లులో లెక్కలు రాసేవాడొకడు, పురుగుమందుల షాపువాడొకడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవు పెట్టి వచ్చినవాడొకడు.

'ఏరా బావా, ఈసారి జైసల్మేర్ పోదామా? ఇసుక తిన్నెల మీద బండ్లు తోలి, అక్కడే డేరా వేసుకుని పడుకుందాం!' అంటాడు ఒకడు.

'పదరా మామా, చేతిలో నెల రోజులున్నాయిగా!' అంటాడు ఇంకొకడు.

ఇంకేం... టీ చల్లారేలోపు ప్రయాణం ఖాయం. జరిగే మొదటి పొరపాటు కూడా అదే. ఊరికి తీరిక దొరికిన నెల, ఎడారికి మాత్రం మనుషులను రానివ్వని నెల.

రెంటచింతల ఎండ చాలదా?

పల్నాటివాళ్లకు ఎండను చూపించి భయపెట్టడం కష్టం. రెంటచింతల పేరు వేసవిలో రేడియో వార్తల్లో వినీ వినీ పెరిగినవాళ్లు 'ఎండలు మాకు కొత్తా?' అంటారు. కొత్త కాదు, నిజమే. కానీ రెంటచింతలలో ఎండ నెత్తికెక్కితే పక్కనే చెట్టు నీడ ఉంటుంది, చలివేంద్రం ఉంటుంది, పిలిస్తే పలికే ఇల్లు ఉంటుంది. థార్ ఎడారిలో తిన్నెల మధ్య అవేవీ ఉండవు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే దారిలోనే ఫలోదీ అనే ఊరుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. దేశంలో అధికారికంగా నమోదైన ఉష్ణోగ్రతల్లో అదే అత్యధికం. గాలిలోనే అంత వేడి ఉంటే, ఇసుక పైపొర ఇంకెంత కాలుతుందో చెప్పక్కర్లేదు. దానికి తోడు కళ్లు తెరవనివ్వని ఇసుక తుఫాన్లు.

అందుకే ఎండలు మండే ఎడారుల్లో ఇసుక తిన్నెల మీద బండ్లు నడిపేవాళ్లకు ఒకటే సీజన్... చలికాలం. అమెరికాలో కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన ఇంపీరియల్ శాండ్ డ్యూన్స్ ఉన్నాయి. 60 కిలోమీటర్లకు పైగా పొడవున్న తిన్నెల వరుస అది. అక్కడ బండి నడపడానికి అనుమతి పత్రం కొనుక్కోవాల్సిన సీజన్ అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు. దుబాయ్, అబుదాబి వైపు ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు కూడా శని, ఆది వారాల్లో ఇసుకలోకి బండ్లు తీసేది చలి మొదలయ్యాకే. ఎండలు ముదిరాయంటే ఎడారిలో ఆరితేరినవాళ్లే బండి షెడ్డులో పెట్టేస్తారు.

మరి ముహూర్తం ఎప్పుడు?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జైసల్మేర్‌లో పగలు హాయిగా ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. తిరగడానికీ, డేరాలో పడుకోవడానికీ అదే అదను. చిక్కల్లా ఇక్కడే వస్తుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సరిగ్గా అప్పుడే పత్తి తీతలు. పత్తి అయిందనుకునేసరికి మిరప కోతలు. జనవరి చివర నుంచి కళ్లాల్లో ఎర్రటి కుప్పలు, ఫిబ్రవరి నుంచి యార్డు ముందు లారీల బారులు. ఆ రోజుల్లో 'ఎడారికి వెళ్లొస్తా నాన్నా' అన్న కొడుక్కి ఏ ఇంట్లోనూ మంచి మాట వినపడదు.

పోనీ నవంబరులో వెళ్దామంటే తుఫాన్ల భయం. చేలో విచ్చుకున్న పత్తి ఉంటే రైతు కుటుంబం ఆకాశం నుంచి చూపు తిప్పుకోదు. డిసెంబరు మొదటి వారాన్ని కూడా నమ్మలేం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే మరి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వెళ్దామంటే, జైసల్మేర్ దగ్గరి తిన్నెల్లో ఇసుక రేణువుల కంటే జనమే ఎక్కువ. గది దొరకదు, దొరికినా ధర మండిపోతుంది.

ఇలా ఒక్కో వారం కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేది కొత్త సంవత్సరం హడావుడి తగ్గాక, సంక్రాంతికి ముందు ఓ పది రోజులు. తుఫాను భయం తగ్గి, కొత్త మిరప ఇంకా యార్డుకు పోటెత్తకముందు దొరికే ఆ సందే గుంటూరువాళ్ల ఎడారి సీజన్. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. రగ్గులు మోసుకెళ్లక తప్పదు. మే నెలలో టీకొట్టు దగ్గర పుట్టిన కోరికకు జనవరి దాకా ఓపిక పట్టాలన్నమాట. నష్టమేం లేదు. సిద్ధం కావడానికి ఆ ఏడు నెలలూ కావాల్సిందే.

రోడ్డా... రైలా?

గుంటూరు నుంచి జైసల్మేర్ దాదాపు 1,900 కిలోమీటర్లు. బైకు మీద రోజుకు 500 కిలోమీటర్లు తోలినా పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. చేతిలో ఉన్న పది రోజుల్లో ఇసుకకు మిగిలేవి రెండంటే రెండు. ఆ రెండు రోజులూ నడుం పట్టేసి, కళ్లు మండుతూ ఉండే మనిషి ఇసుకలో చేసే తప్పులు ఎక్కువ. అందుకే తెలివైన పద్ధతి బైకుల్ని రైల్లో జోధ్‌పూర్‌కు పంపించడం. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఆర్సీ నకలు ఇవ్వాలి. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. గోనెపట్టా చుట్టి కట్టించాలి. బండి కన్నా మనుషులు ముందు చేరితే జోధ్‌పూర్‌లో ఎదురుచూడాల్సి వస్తుంది కాబట్టి నాలుగు రోజులు ముందే పంపడం మేలు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ 280 కిలోమీటర్ల పైచిలుకు... ఒక్క పగటి ప్రయాణం.

జైసల్మేర్ నుంచి పడమరగా 40 కిలోమీటర్లు వెళ్తే సమ్ తిన్నెలు. ఒంటెలు, జీపులు, పాటలు, ఆటలు... తిరునాళ్లే. నైరుతి వైపు ఖూరీ అనే పల్లె దగ్గర తిన్నెలు కాస్త ప్రశాంతంగా ఉంటాయి. ఈ రెండు చోట్లా స్థానికులు విడిది డేరాలు వేసి ఉంచుతారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ పల్లెల అంచున మకాం పెట్టి, పగలు స్థానికుడిని వెంటబెట్టుకుని తిన్నెల్లోకి వెళ్లి రావడమే ఉత్తమం. ఎక్కడో నడి ఎడారిలో ఒంటరిగా డేరా వేయడం రెండో ప్రయాణానికో మూడో ప్రయాణానికో దాచుకోవాలి.

మరో సంగతి. జైసల్మేర్ సరిహద్దు జిల్లా. పాకిస్థాన్ వైపున్న కొన్ని ప్రాంతాల్లోకి వెళ్లాలంటే జిల్లా అధికారుల అనుమతి ఉండాల్సిందే. తిన్నెలు దాటుతూ దారి తప్పి అటు వెళ్తే, తెలియక వచ్చామని చెప్పుకోవాల్సింది సరిహద్దు దళానికి. ఉపగ్రహ ఫోనుంటే భరోసా కదా అని విదేశాల్లో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లుంటారు. లైసెన్సు లేకుండా దాన్ని వాడటం ఈ దేశంలో నేరం. సహాయం అడగబోతే కేసు మెడకు చుట్టుకుంటుంది.

నల్లరేగడి నేర్పని పాఠం

ఈ ప్రాంతం కుర్రాళ్లకు బురద కొత్త కాదు. వానాకాలంలో నల్లరేగడి డొంకలో బండి తోలినవాడికి లైసెన్సు పరీక్ష అక్కర్లేదంటారు. మట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటే, పుల్లతో గీకి మళ్లీ నడపడం చిన్నప్పటి నుంచీ అలవాటే. అక్కడ నేర్చిన పాఠం, 'కష్టమనిపిస్తే నెమ్మదించు. కాళ్లు కింద పెట్టు.' ఇసుకలో ఈ పాఠమే కొంప ముంచుతుంది. ఇసుకలో నెమ్మదిస్తే ముందు చక్రం దిగబడుతుంది. కాళ్లు కింద పెడితే మోకాలు మడతపడుతుంది. సీటు మీంచి లేచి ఫుట్‌రెస్టుల మీద నిలబడి, బరువు కాస్త వెనక్కి వేసి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఇస్తూ పోవాలి. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. ఊగనివ్వాలి. బిగపట్టినవాడే పడతాడు.

రెండో పాఠం గాలి. రోడ్డు మీద టైర్లలో 30 పాయింట్ల దాకా గాలి ఉంటుంది. ఇసుకలోకి దిగేముందు బైకుకైతే 12 నుంచి 15, జీపుకైతే 15 నుంచి 18 పాయింట్లకు తగ్గించాలి. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది. బరువు ఎక్కువ మేర పడి దిగబడదు. ఒంటె పాదం వెడల్పుగా ఉండేది అందుకే కదా! ఇంకా తగ్గిస్తే టైరు రిమ్ము మీంచి జారిపోయే ప్రమాదం ఉంది. తిరిగి తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పేలుతుంది. అంటే గాలి కొలిచే గేజి, బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు... ఈ రెండూ డేరా కన్నా ముందు కొనాల్సిన సరుకులు.

బండి బరువు కూడా చూసుకోవాలి. 200 సీసీ తరహా బండి 150 కిలోల పైచిలుకు. హిమాలయాలకు వెళ్లే పెద్ద బండ్లు 190 కిలోలు దాటతాయి. రోడ్డు మీద ఆ తేడా తెలియదు. ఇసుకలో పదోసారి పడిపోయిన బండిని పదోసారి లేపేటప్పుడు తెలుస్తుంది.

తిన్నెకు రెండు ముఖాలు

ధాన్యం రాశి పోసేటప్పుడు చూసినవాళ్లకు తిన్నె సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పైనుంచి ఎంత పోసినా రాశి ఒక వాలు దాటి నిలబడదు, జారిపోతుంది. ఎండు ఇసుకకు ఆ వాలు 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి వీచే వైపు నుంచి ఇసుక మెల్లగా పైకి దొర్లుతుంది. అందుకే ఆ వైపు వాలు తక్కువ, నేల గట్టి. శిఖరం దాటాక ఇసుక అవతలికి జారిపడుతుంది. ఆ గాలిచాటు వైపు నిటారుగా, మెత్తగా, మోకాళ్ల లోతు దిగబడేలా ఉంటుంది. ఎక్కేది గట్టి వైపు నుంచి. తిన్నె వెనక ఏముందో కింది నుంచి కనపడదు. ఎడారిలో ఎముకలు విరిగేది ఎక్కువగా ఇక్కడే. ఊపు మీద శిఖరం దాటి గాల్లోకి లేచినవాడికి కింద పది అడుగుల పల్లం ఉండొచ్చు, ఎదురుగా మరో బండి రావచ్చు, అక్కడే పడిపోయిన తన స్నేహితుడే ఉండొచ్చు.

కాబట్టి నియమాలు కొన్ని ఉన్నాయి. తిన్నె మీదికి ఒకసారి ఒక బండే. మొదట ఒకరు నడిచి పైకెక్కి, అవతల చూసి చెయ్యి ఊపాకే బండి కదలాలి. ఎక్కినా దిగినా నేరుగానే. వాలుకు అడ్డంగా పోతే బండి దొర్లిపోతుంది. ఆగాల్సి వస్తే ముందు చక్రం పల్లం వైపు ఉండేలా ఆపాలి. ఇంపీరియల్ తిన్నెల్లో ప్రతి బండికీ ఎనిమిది అడుగుల ఎత్తున జెండా ఎగరాలన్న నియమం ఉంది. తిన్నె అవతలివాడికి బండి కన్నా ముందు జెండా కనపడుతుంది. జైసల్మేర్‌లో ఎవరూ అడగకపోయినా సన్నని కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుపోవడానికి ఖర్చేమీ కాదు.

వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున మంచు తేమకు ఇసుక కాస్త గట్టిపడి ఉంటుంది. ఏటవాలు వెలుగులో నీడలు పడి ఎత్తుపల్లాలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం వెలుగు నడినెత్తిన పడినప్పుడు అంతా చదునుగా కనపడి కళ్లు మోసపోతాయి. ఉదయం పది దాకా తోలి, ఎండవేళ ఆగి, మళ్లీ మూడున్నరకు మొదలుపెట్టి, పొద్దు గుంకేలోపు మకాం చేరడం పాత కాపుల పద్ధతి. చీకటి పడ్డాక తిన్నెల్లో చక్రం తిప్పకూడదు.

బండి దిగబడితే? యాక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. వెంటనే ఆపేయాలి. బైకైతే మెల్లగా పక్కకు పడుకోబెట్టి, గొయ్యి పూడ్చి, మళ్లీ నిలబెడితే సరిపోతుంది. జీపైతే చక్రాల ముందు ఇసుక తీసి, గాలి ఇంకొంచెం తగ్గించి, కింద గట్టి పలకలు వేయాలి.

నీళ్ల లెక్క

పెళ్లికి వంటవాడితో లెక్క వేయించినట్టు ఎడారికి నీళ్ల లెక్క వేయాలి. చలికాలంలోనైనా మనిషికి తాగడానికి, వంటకు, ముఖం కడగడానికి కలిపి రోజుకు ఆరు లీటర్లు. నలుగురు మనుషులు, మూడు రోజులు అనుకుంటే 72 లీటర్లు. ఏదైనా జరిగి ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే మరో 24 లీటర్లు. మొత్తం 96. అంటే ఊళ్లో ఇంటింటికీ వేసే ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు. ఈ బరువు బైకుల మీద పోదు. అందుకే నాలుగు బైకులకు తోడుగా ఒక జీపు ఉండాలి. జైసల్మేర్‌లో డ్రైవరుతో సహా అద్దెకు దొరుకుతాయి. తోడు జీపు లేదంటే పల్లె అంచు దాటకూడదు.

పెట్రోలు లెక్క ఇంకా కచ్చితంగా ఉండాలి. ఇసుకలో మైలేజీ మామూలులో సగమే అనుకోవాలి. లోపలికి వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలింది అదనం. ట్యాంకు సగానికి వచ్చాక 'ఇంకో తిన్నె చూసొద్దాం' అనడం కుదరదు.

ఈ లెక్కలన్నీ పిరికివాళ్లకు అనుకునేవాళ్లు 2024 ఆగస్టు నాటి ఓ వార్త గుర్తు తెచ్చుకోవాలి. సౌదీ అరేబియాలో ఉద్యోగం చేసుకుంటున్న ఓ తెలంగాణ యువకుడు, సూడాన్‌కు చెందిన తోటి ఉద్యోగితో కలిసి పని మీద రబ్ అల్ ఖాలీ ఎడారి వైపు బయల్దేరాడు. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక అది. ఆంధ్రప్రదేశ్‌కు నాలుగింతలు. దారి చూపాల్సిన జీపీఎస్ పనిచేయలేదు. బండిలో ఇంధనం అయిపోయింది. ఫోన్లలో ఛార్జింగ్ పోయింది. నాలుగు రోజుల తర్వాత ఇద్దరి మృతదేహాలూ బండి పక్కనే దొరికాయి. వాళ్లు సరదాకు వెళ్లలేదు, బతుకుతెరువు కోసం వెళ్లారు. అయినా ఎడారికి ఆ తేడా తెలియదు.

ఆ వార్త చెప్పే పాఠం ఒకటుంది. బయల్దేరే ముందు వెనక ఉన్న ఓ మనిషికి దారి, మకాం, తిరిగొచ్చే గంట రాసిచ్చి వెళ్లాలి. గుంటూరులో అన్నయ్యకు ఒక కాగితం, జైసల్మేర్‌లో విడిది యజమానికి ఒక కాగితం. 'సాయంత్రం ఏడు గంటలకు ఫోను రాకపోతే ఎనిమిదికి పోలీసులకు చెప్పండి' అని స్పష్టంగా రాయాలి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదు. వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి ముందు కనిపిస్తుంది. ఫోను మ్యాపును ముందే దించుకోవాలి. కాగితం మ్యాపు, దిక్సూచి కూడా జేబులో ఉండాలి.

టిక్కీ సంచి, జమ్మిచెట్టు

ఇసుకలో డేరా మేకు నిలబడదు. గాలి ఒక్క ఊపు ఊపితే ఊడి వచ్చేస్తుంది. దానికి మందు గుంటూరులోనే ఉంది. ఖాళీ మిర్చి టిక్కీ సంచుల్ని దులిపి, ఉతికి తీసుకెళ్తే చాలు. అక్కడ ఇసుక నింపి, తాడు కట్టి, రెండడుగుల లోతున పాతిపెడితే డేరా కదలదు. ఉతకడం మాత్రం మర్చిపోకూడదు. ఘాటు డేరాలోకి చేరితే రాత్రంతా తుమ్ములే. డేరా వేసేది రెండు తిన్నెల మధ్య గట్టినేల మీద. నిటారు వాలు కింద వేస్తే ఇసుక మీద పడుతుంది, బండ్ల జాడలున్న చోట వేస్తే రాత్రి ఎవరి జీపో మీదికి వస్తుంది. బండ్లను గాలి వచ్చే వైపు వరసగా నిలబెడితే చలిగాలికి గోడ. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్లుంటాయి.

చలిమంట వేసుకోవాలనిపిస్తుంది. అక్కడే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎడారిలో అక్కడక్కడా నిలబడి కనిపించే ఆ ముళ్ల చెట్టును వాళ్లు ఖేజడీ అంటారు. అది మరేదో కాదు, దసరా నాడు తెలుగువాళ్లు ప్రదక్షిణ చేసి ఆకు జేబులో పెట్టుకునే జమ్మిచెట్టే! దాని కాయ అక్కడి మనుషులకు కూర, ఆకు పశువులకు మేత. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో ఆ చెట్లను నరకనివ్వకుండా కావలించుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. అలాంటి నేల మీద కొమ్మ విరిచి మంట వేసుకోవడం మర్యాద కాదు. గ్యాసు పొయ్యి, రగ్గు చాలు.

ఆ తిన్నెల అంచునే 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ వనం ఉంది. బట్టమేక పిట్టలకు అది చివరి పెద్ద ఆశ్రయం. ఒకప్పుడు నంద్యాల వైపు రోళ్లపాడు పచ్చికబయళ్లలో తిరిగిన పిట్టే అది. దేశం మొత్తం మీద అడవుల్లో మిగిలినవి 150 దాకా ఉంటాయని అంచనా. నేల మీద, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దారి వదిలి తిరిగే ఒక్క చక్రం చాలు ఆ గుడ్డు చితికిపోవడానికి. కనుక వనం హద్దుల్లోకి బండి పోకూడదు. స్థానికుడు వెంట ఉండాలనేది అందుకే... హద్దు ఎక్కడో అతనికి తెలుసు.

బాపట్ల ఇసుక మీద వద్దు

'అంతదూరం పోయేముందు సూర్యలంకలోనో రామాపురంలోనో ప్రాక్టీసు చేద్దాం' అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. చీరాల, బాపట్ల తీరంలో ఇసుక దిబ్బలు ఉన్నాయి కూడా. కానీ వద్దు. తీరంలోని ఇసుక దిబ్బలను మార్చడం, చదును చేయడం తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనల ప్రకారం నిషిద్ధం. చలికాలం చివర్లో ఆ ఒడ్డునే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. అన్నింటికీ మించి, ఆ దిబ్బలు ఊరికి కాపలా. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రిని, 2004 డిసెంబరు 26 సునామీ ఉదయాన్ని చూసిన తీరం అది. దిబ్బ మీది తీగలు, గడ్డి ఇసుకను పట్టి ఉంచుతాయి. చక్రాలు వాటిని చీలిస్తే గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది. కాపలా పోయాక మళ్లీ తెచ్చుకోలేం.

మరి సాధన ఎక్కడ? చీరాల చుట్టుపక్కల వేరుశనగ వేసే ఇసుక నేలలు చాలానే ఉన్నాయి. పంట తీసి ఖాళీగా ఉంచిన రెండెకరాలను రైతును అడిగి, అయ్యే ఖర్చు ముట్టజెప్పి వాడుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అక్టోబరు నుంచి నెలకు రెండు ఆదివారాలు. మొదటి ఆదివారం నిలబడి తోలడం. రెండోది గాలి తగ్గించి పెంచడం. మూడోది దిగబడ్డ బండిని లేపడం. నాలుగోది సామాను మొత్తం కట్టుకుని తోలడం. చివరి ఆదివారం రాత్రి అక్కడే డేరా వేసి, తెచ్చిన నీళ్లతోనే గడపడం. ఆ రాత్రికి ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో చూస్తే కాగితం మీది లెక్క నిజమో అబద్ధమో తేలిపోతుంది. ఆ ఐదు ఆదివారాలకూ రాలేనివాడు జనవరి ప్రయాణానికీ రాకూడదు. ఈ ఒక్క నియమం మీద స్నేహాలు కాస్త చెడినా ఫర్వాలేదు.

వెనక్కి తిరిగే ధైర్యం

ఎడారి ప్రయాణంలో అన్నింటికన్నా కష్టమైన పని తిన్నె ఎక్కడం కాదు. రెండు వేల కిలోమీటర్లు వచ్చాక, కళ్లెదుట తిన్నె ఊరిస్తుంటే, 'గాలి పెరుగుతోంది, ఇవాళ్టికి చాలు' అని బండి వెనక్కి తిప్పడం. ఆ మాట అనే అధికారం ఎవరిదో ఊరు దాటకముందే తేల్చుకోవాలి. నలుగురిలో ఏ ఒక్కడు వద్దన్నా అందరూ ఆగాలి. ఎందుకని అడగకూడదు, ఎగతాళి చేయకూడదు. బృందంలో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవాడి వేగమే అందరి వేగం.

ఇది ఆ ప్రాంతం మనుషులకు తెలియని విద్యేమీ కాదు. కళ్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతు మధ్యాహ్నం మబ్బు చూస్తాడు. వాన వస్తుందో రాదో అతనికీ తెలియదు. అయినా పట్టా కప్పేస్తాడు. ఒక్కోసారి వాన రాదు. ఒక పూట ఎండ వృథా అయిందని అతను బాధపడడు. పంట మిగిలింది, రేపు మళ్లీ ఆరబోసుకోవచ్చు.

టీకొట్టు దగ్గరి కుర్రాళ్లలో చాలామంది అలాంటి రైతుల కొడుకులే. మే నెలలో వాళ్లు చేయాల్సింది టికెట్లు కొనడం కాదు. ఒక నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో నీళ్ల లెక్క, రెండో పేజీలో పెట్రోలు లెక్క, మూడో పేజీలో ఇంటి దగ్గర కాగితం ఎవరికి ఇవ్వాలో రాసుకోవడం. జనవరి ఎలాగూ వస్తుంది. తిన్నెలు ఎక్కడికీ పోవు... కాస్త అటూ ఇటూ జరుగుతాయంతే!